నిప్పురవ్వల నుంచి మొలిచిన జుట్టు

1982లో వచ్చిన ‘స్టార్ ట్రెక్’ రెండో సినిమాలో ఒక గ్రహాన్ని మంటలు చుట్టేస్తాయి. లూకాస్‌ఫిల్మ్‌లో పనిచేస్తున్న విలియం రీవ్స్ కంప్యూటర్‌లో ఆ నిప్పును పుట్టి, ఎగిరి, ఆరిపోయే లక్షల కణాలతో సృష్టించాడు. కణం సాగిన దారినంతా ఒకేసారి గీస్తే గడ్డిపోచ వస్తుందని చూపిందీ ఆయనే. వెంట్రుకకు బాట అక్కడే పడింది.

ఆకారం ఒక్కటే చాలదు, మెరుపూ కుదరాలి. సన్నని పోగు మీద వెలుగు ఎలా జారుతుందో 1989లో పరిశోధకులు కజియా, కే లెక్కగట్టి, బొచ్చు ఎలుగుబొమ్మను తెరకెక్కించారు. అసలు మలుపు అదే.

2001లో పిక్సార్ ‘మాన్‌స్టర్స్ ఇంక్’లో సలీ అనే బొచ్చు రాక్షసుడి ఒంటిపై దాదాపు 23 లక్షల వెంట్రుకలు! అన్నిటినీ చేత్తో దువ్వడం ఎవరి తరం? కొన్నింటిని మలిస్తే మిగతావి వాటి వెంట నడుస్తాయి.

2012లో ‘లైఫ్ ఆఫ్ పై’లో పులికీ, దాని బొచ్చుకూ ప్రాణం పోసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది.