గజపతిపుత్రి తుక్కాదేవి

కృష్ణదేవరాయల కళింగజైత్రయాత్రను గూర్చి దేశచరిత్రకారులు విస్తరముగా వ్రాసియున్నారు. ఆ యాత్రాఫలముగా విజయనగరమునకుఁ గొనిపోఁబడిన రాజపుత్రిని గూర్చి మాత్రము రెండు మూఁడు వాక్యములకంటె నధికముగా వ్రాసినవారు కొలఁదిమంది. ఆమె ప్రతాపరుద్ర గజపతి కూఁతురు. తుక్కాదేవి యని సామాన్యవ్యవహారము. జగన్మోహిని యనియు, అన్నపూర్ణ యనియు, భద్ర యనియు నామాంతరములు గానవచ్చుచున్నవి. ఒక రాణికి నిన్ని పేళ్లుండుటయే యామె చరిత్రము శాసనములలోఁ గాక జనుల నాలుకలపై నిలిచిన దనుటకు నిదర్శనము.

ఉదయగిరి 1514 లోను, కొండవీడు 1515 జూను 23 వ తేదీనను రాయలకు వశమయ్యెను. కొండవీటఁ బ్రతాపరుద్రుని కుమారుఁడు వీరభద్రుఁడు పట్టువడెను. కొండపల్లిలో గజపతి దేవులలో నొకతె చెఱవడినట్లు పోర్చుగీసు వర్తకుఁడు న్యూనిజు వ్రాసెను. పిమ్మట రాయల సేన గోదావరి దాఁటి సింహాద్రి పొట్నూరు చేరెను. 1516 నాఁటి సింహాచలశాసనమునుబట్టి రాయలు తిరుమలదేవి చిన్నాదేవులతోఁ గూడ స్వామిని సేవించి, తల్లిదండ్రులకుఁ బుణ్యముగా 991 ముత్యముల హారమును, ఇతరాభరణములను సమర్పించెను. పొట్నూరిలో జయస్తంభము నాటెనని కావ్యములు చెప్పుచున్నవి. నేఁటి గజపతినగరము మొదలుకొని సముద్రతీరమువఱకుఁ గల యీ సీమ యంతయు నప్పుడు ప్రతాపరుద్రుని యేలుబడిలోనిది. శాసనము చదువువారి దృష్టి ముత్యముల సంఖ్యపై నిలుచును. కాని గజపతి రాజ్యములోని యాలయమున నిద్దఱు దేవేరులతో నిలిచి విజయశాసనము వ్రాయించిన యా రాజునకే, రెండు మూఁడేండ్లలో గజపతి తన కూఁతు నీయవలసివచ్చెను.

సంధి సుమారు 1518 లో జరిగెను. కృష్ణానది కుత్తరమునఁ గల భూములను రాయలు గజపతికి మరల విడిచెను. లోకమున మామ యల్లునకు మాన్యము లిచ్చుట యాచారము. ఇచ్చట నల్లుఁడే మామకు భూమి నిచ్చి కన్యను గొనెను. వ్యాకరణమున సంధికార్యమందు రెండచ్చులలో నొకటి లోపించుట గలదు. ఈ రాజసంధియందు లోపించినది యా కన్య సుఖము.

ఈ వివాహమును గూర్చి ప్రచారమందున్న కథ యిది. గజపతి యోటమి సహింపఁజాలక పెండ్లినాఁటి రాత్రి యల్లునిఁ జంపింపఁ దలఁచెననియు, తిమ్మరుసు పసిగట్టి రాయలను రక్షించెననియుఁ జెప్పుదురు. వధువు చేతికే ఛురిక యిచ్చెనని కొందఱు, పడకటింట ఘాతుకులను దాఁచెనని కొందఱు. నాఁటినుండి రాయ లామె మొగము చూడలేదఁట. మఱికొంద ఱామె కులగర్వముచే భర్తను దాసీపుత్రుఁడని యధిక్షేపించె నందురు. నేరము మాఱుచున్నను శిక్ష యొక్కటియే యగుట గమనింపఁదగినది. పరిత్యాగవార్త ముందు వ్యాపించి, దానికిఁ గారణము తరువాత వెదకఁబడినప్పుడే కథ లిట్లుండును. రాయవాచకమో, వివాహముతోనే కథ ముగించుచున్నది. అదియు సమకాలికగ్రంథము గాదు. 1600 ప్రాంతమున మధురనాయకుల యాస్థానమునఁ బుట్టినదని పిమ్మటి పరిశోధకులు నిర్ణయించిరి.

పై కథలకుఁ బేసు వ్రాఁత యడ్డు తగులుచున్నది. 1520 ప్రాంతమున విజయనగరమును గన్నులారఁ జూచిన యీ పోర్చుగీసువాఁడు, రాయలకుఁ బండ్రెండుగురు భార్యలనియు, వారిలో మువ్వురు ముఖ్యులనియుఁ జెప్పి, ఓఢ్రరాజు కూఁతును, శ్రీరంగపట్టణపు రాజు కూఁతును, యౌవనమున రాయలు ప్రేమించిన వేశ్యను బేర్కొనెను. మువ్వురకును వేర్వేఱు నగళ్లు, పరివారము సమానము, ఒక్కొక్కతెకు నఱువదిమంది చెలికత్తెలు. వైరము పుట్టకుండుటకే యీ సమత్వమనియు, మువ్వురును మిత్రములనియు నతఁడు వ్రాసెను. అంతఃపురమునఁ బరపురుషులకుఁ బ్రవేశము లేదు గావున సఖ్యవిషయమున నతనిది విన్నమాటయే, సందేహింపవచ్చును. పట్టపురాణు లెవ్వరను సంగతి యట్టిది గాదు. అది పురమంతయు నెఱిఁగినది. పెండ్లిరాత్రియే పరిత్యక్త యైనచో రెండేండ్ల తరువాత నామె మొదటి మువ్వురిలో నెట్లుండును? కావున నా కథ చెల్లదు. కంభమునకుఁ బోవుట నిజమైనచో నది పేసు చూచిన కాలమునకుఁ దరువాతిది కావలయును. 1524 ప్రాంతమున బాలుఁడైన తిరుమలరాయఁడు మరణించుటయు, తిమ్మరుసు పతనమును జరిగి, నగరియం దనుమానములు చెలరేఁగిన దినములు దీనికిఁ దగియున్నవి. ఇది యూహ మాత్రమే.

ఆమె పేర నైదు సంస్కృతశ్లోకములు గలవు. తుక్కాపంచకమని ప్రసిద్ధి. తుమ్మెదయుఁ బూవులును వాని విషయము. తుమ్మెద సంపెఁగను జేరదనుట ప్రాచీనకవిసమయము. చంపావతీనది పేరులో నిలిచిన పువ్వే యది. ఇట్టి భావముగల శ్లోకములు సుభాషితసంగ్రహములలోఁ బెక్కులు గలవు గావున నైదును నామె కృతులే యని భాషనుబట్టి నిరూపింపరాదు. అయినను భర్త నొక్కమాటయు ననక, పువ్వునందు లోపము లేదు, తుమ్మెదయందు రసికత లేకపోలేదు, ఇఁక నేమనవలె నను నా యన్యాపదేశమర్యాద రాజపత్నికిఁ దగినదే. శృంగారమని పాఠశాలలలో విడిచిపెట్టుట తగదు. తిరుమలదేవిపై రాయలు కినిసినప్పుడు పారిజాతాపహరణము రచించి నంది తిమ్మన యా కలఁత దీర్చెనని కథ. ఆ రాణికిఁ బుట్టినింటి కవి తోడుండెను. ఈ రాణి తన పక్షమును దానే చెప్పికొనవలసివచ్చెను.

రాయలు 1529 లోను, ప్రతాపరుద్రుఁడు 1540 లోను గతించిరి. పిమ్మట గోవిందవిద్యాధరుఁడు ప్రతాపరుద్రుని కొడుకులఁ జంపి కటకపు సింహాసన మాక్రమించెను. అంతటితో సూర్యవంశగజపతు లంతరించిరి. కంభమున నామె యప్పటికి జీవించియున్నను, మరలిపోవుటకుఁ బుట్టినిల్లు లేదు.

కంభము నల్లమల చెంతది. అచ్చటఁ గొండల నడుమ గుండ్లకమ్మకు నడ్డముగాఁ గట్టిన చెఱువు సుమారు 7 కిలోమీటర్ల పొడవును, 3.5 కిలోమీటర్ల వెడల్పును గలది. ఇరువదవ శతాబ్దారంభమునఁ గట్ట యెత్తు 57 అడుగులనియు, ఆయకట్టు 10,300 యెకరములనియు లెక్కించిరి. దీనిని గట్టించినది కృష్ణరాయల దేవేరియైన గజపతికూఁతురని యచ్చటివారు చెప్పుదురు. అయితే వా రామెను దుక్క యనరు, వరదరాజమ్మ యందురు.