చెరసాలలో టీకా

టీకాల చరిత్రలో ప్రయోగశాలలకు, రాజవైద్యులకు గల స్థానము అందరెరిగినదే. అందు చెరసాలకు గల స్థానమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

1721 ఆగస్టులో లండనులోని న్యూగేటు కారాగారమున ముగ్గురు పురుషులకు, ముగ్గురు స్త్రీలకు చర్మము గీరి మశూచి పొక్కుల రసమును ఎక్కించిరి. జెన్నరు టీకాకు 75 ఏండ్ల ముందటి మాట ఇది. యువరాణి కారొలీన్ తన బిడ్డలకు ఈ చికిత్స చేయింపగోరెను. అది క్షేమమో కాదో తేల్చుటకు మరణశిక్ష పడినవారు అక్కరకు వచ్చిరి. అంగీకరించినచో ప్రాణదానమని రాజు వాగ్దానము. ఎదుట ఉరికంబము నిలిపి అడిగిన అంగీకారము ఏపాటిది? ఆరుగురును బ్రదికి విడుదలైరి. అందొక యువతిచేత మశూచి రోగులకు పరిచర్య చేయించి చూచిరి; ఆమెకు రోగమంటలేదు. మరుసటి యేడు రాకుమార్తెలిద్దరకు ఆ చికిత్స జరిగెను.

మన దేశపు కథ వేరు. 1896లో బొంబాయిని ప్లేగు పట్టుకొనెను. హాఫ్కిన్ పండితుడు గ్రాంటు వైద్యకళాశాలలో మందు సిద్ధపరచి, 1897 జనవరి 10వ తేదీన తొలుత తన దేహముననే ఎక్కించుకొనెను. ఆ నెలాఖరున బైకుల్లా చెరసాలలో ప్లేగు పొడసూపగా, ఇష్టపడిన ఖైదీలకు టీకా వేసిరి. నూటయేబదిమందికి పైగా ముందుకు వచ్చిరి. టీకా వేసికొననివారిలో 12 మందికి రోగము సోకి 6గురు మరణించిరి. వేసికొనినవారిలో ఇద్దరికే సోకెను, ఒక్కరును చనిపోలేదు. ఇదియు ప్రయోగమే. కాని రోగము వాకిట నిలిచియుండగా, తాను పుచ్చుకొన్న మందునే వైద్యుడు వారికిచ్చెను. న్యూగేటుకును బైకుల్లాకును గల భేదము మాకిందే కనబడుచున్నది.

1906లో మనీలాలోని బిలిబిడ్ చెరసాలలో రిచర్డ్ స్ట్రాంగ్ అను అమెరికను వైద్యుడు 24 మందికి కలరా టీకా వేసెను. అందు ప్లేగు క్రిములు కలసిపోయి 13 మంది మడిసిరి. ఆ వైద్యుడు పిమ్మట హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను.

మందు గుణము తెలియనినాడు ఖైదీ ముందు వరుసలో నిలిచెను. తెలిసిననాడో? 2020 డిసెంబరులో అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున కోవిడు టీకాకు ఖైదీలను ముందుగా ఎంచిన ముసాయిదాను చూచి, నేరమెరుగనివారికంటె ముందు వారికీయనని గవర్నరు బహిరంగముగ పలికెను. కావలివారు సాయంకాలము ఇండ్లకు పోవుదురనియు, వారితో రోగమును పోవుననియు ఆయనకు తోచలేదు కాబోలు! మరి రెండు నెలలకు ఆరెగాను రాష్ట్రమున న్యాయస్థానమే కలుగజేసికొని ఖైదీలకు టీకా ఇవ్వవలెనని ఆజ్ఞాపించెను.

నేరమెరుగనివారన్న మాట మన చెరసాలల యెడ మరింత చిక్కైనది. 2021 నాటి లెక్కలలో నాలుగింట మూడు వంతుల ఖైదీలు విచారణలో నున్నవారే; వారి నేరమింకను రుజువు కాలేదు. పైగా పలువురి వద్ద గుర్తింపు పత్రములు లేవు. ఆ యేడు మే నెలలో కేంద్ర ఆరోగ్యశాఖ, పత్రములు లేనివారికిని టీకా వేయవచ్చునని ఉత్తరువు చేసెను. అందు సాధువులు, వృద్ధాశ్రమవాసులు, బిచ్చగాండ్ర సరసన ఖైదీల పేరును చేరెను.