ఇంటిపేరు లేని వంశవృక్షం: డర్బన్ తెలుగు కుటుంబాల తొలి తరం

దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంలోను, దానికి ఎగువ దిగువ తీరాల్లో చెరకు తోటల చుట్టూ వెలసిన ఊళ్ళలోను స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు తమ మూలపురుషుని జాడ తీయబూనితే ముందుగా పట్టుకోవలసింది ఒక సంఖ్యను. మద్రాసులో బయలుదేరిన ట్రూరో అనే ఓడ 342 మందితో 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది నేటాల్ వలసరాజ్యానికి ఒప్పంద కూలీలుగా, అంటే నిర్ణీతకాలం ఒకే యజమాని కింద పనిచేయడానికి కట్టుబడి, వచ్చారు. వీరిలో సుమారు మూడింట రెండువంతుల మంది మద్రాసులో ఓడ ఎక్కినవారే. వచ్చిన ప్రతి మనిషికీ ఇచ్చిన వరుస సంఖ్య తరువాతి కాలపు అధికార పత్రాలలోనూ వెంట వస్తుంది కనుక, ట్రంకుపెట్టె అడుగున అటువంటి కాగితం ఒక్కటి మిగిలినా దాని ఆధారంతో ఓడ దాకా వెళ్ళవచ్చు.

ఆ ఓడల జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటిమీది పుట్టుమచ్చలు ఉంటాయి. ఇంటిపేరుకు మాత్రం గడి లేదు. పారిపోయిన కూలీని గుర్తుపట్టడానికి మచ్చ పనికివచ్చినట్లు ఇంటిపేరు తోట యజమానికి పనికిరాదు. తెలుగువారు ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎక్కడ వియ్యమందవచ్చో తేల్చుకునేది ఇంటిపేరుతోనే కాబట్టి, ఈ లోపం తరువాతి తరాల జ్ఞాపకానికే గండి కొట్టింది. నాయుడు, రెడ్డి వంటి కులసూచకాలో, అప్పలస్వామి వంటి తండ్రి తాతల పేర్లో ఇంగ్లీషు పద్ధతిలో కుటుంబనామాలై స్థిరపడ్డాయి. అయితే ఆ పేర్లలోనే కొంత ఆధారం కూడా దాగి ఉంది: అప్పన్న, అప్పలస్వామి అన్నవి సింహాచలేశుని పేర్లు కనుక అవి ఉత్తరాంధ్రను సూచిస్తాయి, మునుస్వామి వంటివి చిత్తూరు సీమ వైపు, తమిళదేశం వైపు చూపిస్తాయి.

జిల్లా పేరును నేటి సరిహద్దులతో చదివితే దారి తప్పుతుంది. ఆనాటి విశాఖపట్నం జిల్లాలో నేటి విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల ఊళ్ళు చాలా ఉండేవి. శ్రీకాకుళం జిల్లా 1950లోను, విజయనగరం జిల్లా 1979లోను ఏర్పడ్డాయి. చిత్తూరు 1911 వరకు ఉత్తర ఆర్కాడు జిల్లాలో భాగం. ఇక గ్రామం పేరు గుమస్తా చెవికి తోచినట్లు ఇంగ్లీషులో రాసినది కాబట్టి, దానిని తాలూకాతో కలిపి, పెద్దగా చదివి ఊహించవలసిందే.

ఒప్పందం అయిదేళ్ళు. జీతం మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, ఆపైన ఏటా ఒక్కొక్క షిల్లింగు పెరుగుదల. పదేళ్ళు గడిపినవారికి ఉచితంగా తిరుగు ప్రయాణం కల్పించేవారు. దానికి బదులు భూమి పొందే వీలు కూడా కొంతకాలం ఉండి 1891లో రద్దయింది. ఒప్పందం ముగిశాక మళ్ళీ ఒప్పందంలో చేరకుండా అక్కడే నిలిచినవారిపై 1895 చట్టం తలకు ఏటా 3 పౌన్ల పన్ను వేసింది. మూడు పౌన్లంటే 60 షిల్లింగులు, కొత్తగా వచ్చిన కూలీకి ఆరునెలల జీతం. ఆ చట్టం తరువాత వచ్చిన మూలపురుషుని పేరు తోట పట్టీలలో రెండోసారి కనిపిస్తే ఈ పన్నే కారణమై ఉండవచ్చునని ముందుగా అనుమానించాలి. అది 1914లో గాని రద్దు కాలేదు. ఒప్పంద కూలీలుగా కాక సొంత ఖర్చులతో వచ్చి వ్యాపారం చేసినవారిని పాసింజర్ ఇండియన్లు అనేవారు. వారు ఎక్కువగా గుజరాతీలు. తమ తాత అలా వచ్చినవాడేనని చెప్పుకునే తెలుగు ఇంట ఒప్పంద సంఖ్య దొరికితే కథను వదిలి సంఖ్యను నమ్మడమే ఉచితం. అందులో చిన్నతనమేమీ లేదు.

వంద మంది పురుషులకు 40 మంది స్త్రీలను ఎక్కించాలన్న నియమం ఉండడం వల్ల జాబితాల్లో స్త్రీలకూ సొంత సంఖ్య, సొంత ఊరు ఉన్నాయి. అయినా కుటుంబాలు గీసుకునే వంశవృక్షాలలో మూలపురుషుని పక్కన అతని భార్య పేరుకు చోటుండడం అరుదు. ఆమె సంఖ్య వెతికితే ఆమె వేరే ఓడలో, వేరే జిల్లా నుంచి వచ్చిందని, ఆ ఇంట తెలుగు, తమిళం కలిసిపోవడానికి అదే మూలమని తెలియవచ్చు.

డర్బన్‌లో 1931లో ఆంధ్ర మహాసభ ఏర్పడేనాటికి ఇంటిపేరు గుర్తున్న ముసలివారు ఇంకా ఉండివుంటారు. వారిచేత ఇంటింటి పేర్లు రాయించి ఉంటే నేటి వెతుకులాట సగం తీరేది. జాతులవారీగా నివాసాలను విడగొట్టిన 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద కేటో మేనర్ వంటి పాత వాడల నుంచి కుటుంబాలను నగర శివారులోని చాట్స్‌వర్త్‌కు తరలించినప్పుడు, ఇళ్ళతోపాటు ఎన్నో పెట్టెలు కూడా చెదిరిపోయాయి. కనుక మిగిలిన ఆధారం అవతలి ఒడ్డునే ఉండవచ్చు. ఉత్తరాంధ్ర, గోదావరి, నెల్లూరు, చిత్తూరు ఊళ్ళలో ఎవరింటనైనా నేటాల్ నుంచి వచ్చిన ఉత్తరం గాని, మనియార్డరు రసీదు గాని, ఓడెక్కి తిరిగిరాని తాత వాటా గురించిన దస్తావేజు గాని ఉంటే, దానిని చిత్తుకాగితాలలో అమ్మివేయక భద్రపరచి, అందులోని ఇంటిపేరును డర్బన్ తెలుగు సంఘాలకు తెలియజేయవలసిందిగా విజ్ఞప్తి.