విడిచిన బట్టల బుట్టలో బిస్కెట్లు

మా ఆడపడుచు కొడుకు పెళ్ళి కుదిరినప్పుడు నేను రెండు నెలలు అన్నం మానేశాను. పొద్దున గ్లాసుడు నీళ్ళలో కలిపిన పొడి, మధ్యాహ్నం కీరా ముక్కలు, రాత్రి సూపు. 9 కిలోలు తగ్గాను. పెళ్ళిలో అందరూ "ఏం తింటున్నావు వదినా, ఇంత సన్నబడ్డావు!" అంటుంటే "ఏమీ తినట్లేదు" అని గొప్పగా నవ్వాను.

ఏడాది తిరిగేసరికి ఆ 9 కిలోలూ వచ్చేశాయి, ఇంకో 2 కిలోలను వెంటబెట్టుకుని మరీ. నాకు నోటి మీద అదుపు లేదనుకుని సిగ్గుపడి ఊరుకున్నాను. కానీ ఇంటర్ చదివే మా అమ్మాయి లంచ్ బాక్సు మూత తీయకుండానే ఇంటికి తెచ్చిన రోజు మాత్రం ఊరుకోలేకపోయాను. "తినలేదేమే?" అంటే, "అప్పుడు నువ్వూ తినలేదుగా అమ్మా" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అప్పుడే ఈ బరువు తగ్గడం గురించిన పాత సంగతులు వెతికి చదవడం మొదలుపెట్టాను.

మొదట నా కళ్ళు తెరిపించింది అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజులవి. యూరప్‌లో ఆకలితో చిక్కిపోయినవాళ్ళకి మళ్ళీ తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవాలని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఈ పని తలపెట్టాడు. యుద్ధంలో ఆయుధం పట్టమన్న యువకులు 36 మంది తమంతట తామే ముందుకొచ్చారు. 1945లో 24 వారాలపాటు వాళ్ళకి రోజుకు సుమారు 1,600 క్యాలరీల తిండే పెట్టారు. బంగాళదుంపలు, టర్నిప్ దుంపలు, బ్రెడ్, మాకరోనీ లాంటివి, అదీ రెండే పూటలు. పైగా వారానికి 22 మైళ్ళ నడక.

వాళ్ళ బరువు నాలుగో వంతు తగ్గింది. దాంతోపాటు మనుషులూ మారిపోయారు. ఎప్పుడూ చలి, చిరాకు, నీరసం. పళ్ళేలు నాకేవారట. అంతకుముందు వంటింటి మొహం చూడనివాళ్ళు కూడా వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవారట. తర్వాత కావలసినంత తిననిచ్చినా, కడుపు నిండినా ఆకలి తీరలేదన్నారు కొందరు. చాలామందికి ఒంట్లో కొవ్వు మొదట్లో ఉన్నదానికంటే ఎక్కువ చేరింది.

ఇది చదువుతుంటే అర్ధరాత్రి ఫ్రిజ్ తలుపు తీసి నిలబడ్డ నేనే గుర్తొచ్చాను. వాళ్ళు లావుగా ఉన్నవాళ్ళు కాదు, నా సంగతి వేరు, నిజమే. అయినా ఒకటి అర్థమైంది. కడుపు మాడిస్తే ఒళ్ళు దాన్ని కరువు అనుకుంటుంది. కరువు తీరగానే మళ్ళీ కూడబెట్టుకుంటుంది. అది నా ఒక్కదాని గుణంలో లోపం కాదు.

మరి దారేమిటి? నాకు దొరికిన రెండో కథ మనలాంటి ఒక గృహిణిది. పేరు జీన్ నైడెచ్, ఉండేది న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో. 1961లో ఆవిడకి 38 ఏళ్ళు, బరువు 97 కిలోలు. ఒకరోజు కొట్లో ఎదురుపడిన ఒకావిడ, కడుపుతో ఉందనుకుని "నెలలు ఎప్పటికి నిండుతాయి?" అని అడిగిందట. ఆ అవమానంతో జీన్ నగర ఆరోగ్యశాఖ నడిపే క్లినిక్‌కి వెళ్ళింది. వాళ్ళు చెప్పింది మామూలు తిండే. చేపలు, కూరగాయలు, పండ్లు, వెన్న తీసిన పాలు, లెక్కగా బ్రెడ్. పూట మాత్రం మానకూడదు.

అయితే బిస్కెట్ల మీద వ్యామోహం పోలేదు. విడిచిన బట్టల బుట్టలో దాచుకుని రాత్రిపూట స్నానాలగదిలో తినేది. క్లినిక్‌లో ఆ మాట చెప్పుకోలేకపోయింది. చివరికి ఆరుగురు స్నేహితురాళ్ళని ఇంటికి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పేసింది. తీరా చూస్తే వాళ్ళందరికీ ఇలాంటి దాపరికాలే! అలా వారం వారం కలవడం మొదలై, రెండు నెలల్లో 40 మంది అయ్యారు. ఏడాదిలో ఆవిడ దాదాపు 33 కిలోలు తగ్గింది. 1963లో అదే 'వెయిట్ వాచర్స్' సంస్థ అయింది. తర్వాత అది పెద్ద వ్యాపారమైపోయి, 1978లో హైంజ్ అనే ఆహార కంపెనీ దాన్ని కొనుక్కుంది. ఆ వ్యాపారం సంగతి అలా ఉంచండి. జీన్ మాత్రం దశాబ్దాలపాటు తన బరువు పెరగనివ్వలేదు. 2015లో, 91వ ఏట కన్నుమూసింది.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు తోచింది ఒకటే. ఎన్ని కిలోలు తగ్గానన్నది కాదు, ఈ తిండి పదేళ్ళ తర్వాత కూడా తినగలనా అన్నది చూసుకోవాలి. నలుగురిలో కూర్చుని తినగలిగేదై ఉండాలి, దాచుకోవలసిన అవసరం రాకూడదు.

ఇప్పుడు మా ఇంట్లో నాకు వేరే వంట లేదు. అన్నం చిన్న గిన్నెతో కొలిచి పెట్టుకుంటాను, కూరా పప్పూ ఎక్కువ వేసుకుంటాను. రాత్రి భోజనాలయ్యాక పక్కింటి పిన్నిగారితో కలిసి నడక. పది నెలల్లో 4 కిలోలు తగ్గాను. సంక్రాంతికి అరిసెలు తిన్నాను, ఒక కిలో వెనక్కి వచ్చింది, మళ్ళీ నెమ్మదిగా పోయింది. ఈసారి "సన్నబడ్డావు" అని ఎవరూ అనలేదు.

మా అమ్మాయికి నా ఫ్రిజ్ సంగతి కూడా దాచకుండా చెప్పాను. నవ్వింది, తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు రాత్రిపూట ఇద్దరం పక్కపక్కనే కూర్చుని తింటున్నాం. మొన్న లంచ్ బాక్సు ఖాళీగా తెచ్చి సింక్‌లో పడేస్తూ, "రేపు బెండకాయ వేపుడు కాస్త ఎక్కువ పెట్టమ్మా" అంది. తూకం మిషన్ మీద ఎన్ని కిలోలు తగ్గినా నాకు ఇంత సంతోషం కలగలేదు.