పొదుపులో పుట్టిన ఆటయంత్రములు

చేతిలో ధనము తక్కువగా ఉన్నపుడు మనుష్యుడు రెండు పనులలో ఒకటి చేయును. కోరిన వస్తువును వదలుకొనుట ఒకటి. దానినే తక్కువ సామగ్రితో సాధించు ఉపాయమును వెదకుట రెండవది. కంప్యూటరు మన ఇండ్లలోనికి వచ్చిన చరిత్రలో చాల భాగము ఈ రెండవ దారి పట్టినవారిదే. వింత యేమనగా, వారిలో కొందరిని ఆ పనికి పురికొల్పినది శాస్త్రగణితమును కాదు, వ్యాపారమును కాదు. తెరమీద ఒక బంతిని ఎగురవేసి ఆడుకొనవలెనను కోరిక.

లక్ష డాలర్ల ఆట

1962వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు స్టీవ్ రస్సెల్ అను యువకుడు మిత్రుల సాయముతో 'స్పేస్‌వార్' అను ఆటను కంప్యూటరుపై నడిపించెను. తెర నడుమ ఒక నక్షత్రము. దాని ఆకర్షణకు లోబడి తిరుగుచు, ఒకదానిపై నొకటి గుండ్లు కురిపించు రెండు నౌకలు. ఆట ముచ్చటైనదే. కాని అది నడచిన పీడీపీ-1 యంత్రము వెల సుమారు 1,20,000 డాలర్లు. అట్టి యంత్రములు మొత్తముమీద తయారైనవి యాభైకి కొంచెము మించి మాత్రమే. కాబట్టి ఆ ఆటను ఆడినవారు ఏదో ఒక విశ్వవిద్యాలయమునకో, పరిశోధనాలయమునకో చెందినవారై ఉండిరి. ఇంటిలో కూర్చుండి కంప్యూటరుతో ఆడుకొనుట అప్పటికి ఊహకందని మాట.

పదమూడేండ్లు గడచినవి. కంప్యూటరు మెదడు అంతయు ఒకే సిలికాను పలుకుపై ఇమిడి, మైక్రోప్రాసెసరు అను పేరుతో అంగడికి వచ్చెను. 1975 జనవరిలో 'ఆల్టెయిర్ 8800' అను యంత్రపు విడిభాగములు సుమారు 400 డాలర్లకు లభించినవి. కొన్నవారు తామే టంకము వేసి దానిని కూర్చుకొనవలెను. కూర్చిన పిమ్మట చూచినచో దానికి తెర లేదు, కీబోర్డు లేదు. ముందు పలకపై వరుసగా స్విచ్చులు, చిన్న దీపములు. మెమొరీ 256 బైట్లు. అయినను, సొంత కంప్యూటరు అను మాటకు అర్థము ఏర్పడినది. ఆ సంవత్సరమే మార్చి 5వ తేదీన కాలిఫోర్నియాలోని మెన్లో పార్కునందు ఒక కారుషెడ్డులో కొందరు ఔత్సాహికులు సమావేశమైరి. 'హోంబ్రూ కంప్యూటర్ క్లబ్' అను పేర ప్రసిద్ధికెక్కినది ఈ సభయే. ఆ మొదటి సమావేశమునకు వచ్చినవారిలో స్టీఫెన్ వోజ్నియాక్ ఒకడు.

కాగితముపై కంప్యూటర్లు

వోజ్నియాక్ అప్పుడు హ్యూలెట్-పాకర్డ్ సంస్థలో కాలిక్యులేటర్లను రూపొందించు ఉద్యోగి. పాఠశాలలో చదువుకొను నాటినుండియు అతనికి ఒక అలవాటు గలదు. కంప్యూటర్ల వివరపుస్తకములు సంపాదించి, అదే యంత్రమును అంతకంటె తక్కువ చిప్పులతో ఎట్లు నిర్మింపవచ్చునో కాగితముపై గీసి చూచుకొనెడివాడు. చిప్పులు కొనుటకు డబ్బు లేదు. కావున కాగితమే అతని ప్రయోగశాల. ఒకసారి గీసినదానిని మరల గీసి, ఒక చిప్పును తగ్గించుటయే అతనికి పందెము.

ఈ విద్యకు 1975లో ఒక పరీక్ష వచ్చెను. నాణెము వేసి ఆడు ఆటయంత్రములను తయారుచేయు 'అటారి' సంస్థలో అతని మిత్రుడు స్టీవ్ జాబ్స్ పనిచేయుచుండెను. బంతితో ఇటుకలను పడగొట్టు 'బ్రేకౌట్' అను ఆటకు వలయమును రూపొందించు పనికి అతడు వోజ్నియాక్‌ను తోడు తెచ్చుకొనెను. ఆ ఆటలో మైక్రోప్రాసెసరు లేదు. బంతి కదలుటకు, గోడకు తగిలి మరలుటకు, గెలుపోటములు లెక్కించుటకు వేరువేరుగా చిప్పులను కలిపి వలయము కట్టవలెను. ఆట నియమమును మార్చవలెనన్న వలయమునే మార్చవలెను. అట్టి ఆటలకు నూరుకు మించి చిప్పులు పట్టెడివి. వోజ్నియాక్ నాలుగు రాత్రులు నిద్ర మాని, సుమారు 45 చిప్పులతో దానిని ముగించెను.

అయితే ఆ వలయమును సంస్థవారు ఉత్పత్తికి వాడుకొనలేకపోయిరి. ఒక్కొక్క చిప్పు రెండు మూడు పనులను చేయునట్లు అల్లిన ఆ కూర్పు ఇతర ఇంజనీర్లకు అంతుపట్టలేదు. చివరకు వారు మరికొన్ని చిప్పులు చేర్చి, తమకు అర్థమగు రీతిలో మరల రూపొందించుకొనిరి. పొదుపునకు కూడ ఒక హద్దు గలదని ఈ సంఘటన తెలుపుచున్నది. ఇతరులు చదువలేని పొదుపు పదిమందికి ఉపయోగపడదు.

ఇరువదియైదు డాలర్ల చిప్పు

వోజ్నియాక్ సొంత కంప్యూటరు కట్టుకొనవలెనన్నచో ప్రధానమైన అడ్డంకి మైక్రోప్రాసెసరు వెల. ఇంటెల్ సంస్థ 1974లో వెలువరించిన 8080 చిప్పు ఒక్కటిగా కొనిన 360 డాలర్లు. 1975 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన వెస్కాన్ ప్రదర్శన సమయమున మాస్ టెక్నాలజీ సంస్థవారు తమ 6502 చిప్పును 25 డాలర్లకే అమ్మిరి. ఇంత చవక ఎట్లు సాధ్యమైనది?

చిప్పులను విడివిడిగా చేయరు. ఒక గుండ్రని సిలికాను బిళ్ళపై వందలకొలది చిప్పులను ఒక్కమారుగా ముద్రించి, పిదప కోయుదురు. బిళ్ళపై అక్కడక్కడ లోపములుండుట సహజము. లోపము పడిన చిప్పు చెత్తబుట్టకే. చిప్పు చిన్నదైనచో రెండు లాభములు: ఒక బిళ్ళపై ఎక్కువ చిప్పులు పట్టును, ఒక్కొక్క చిప్పుపై లోపము పడు అవకాశమును తగ్గును. ఛక్ పెడిల్, అతని సహచరులు అనవసరమైన భాగములను తొలగించి, సుమారు 3,500 ట్రాన్సిస్టర్లతో 6502ను చిన్నదిగా రూపొందించిరి. ముద్రణకు వాడు అచ్చులలోని తప్పులను ఎప్పటికప్పుడు సవరించుకొను పద్ధతియు వారికి తోడ్పడెను. అందువలన వెల పడిపోయినది.

ఆ చిప్పుతో వోజ్నియాక్ కట్టిన మొదటి యంత్రమే 1976లో వెలువడిన 'యాపిల్-1'. దానిని ముద్రితవలయముగా తయారుచేయుటకు కావలసిన మూలధనము కొరకు జాబ్స్ తన వ్యానును, వోజ్నియాక్ తన కాలిక్యులేటరును అమ్ముకొనిరి. అది అక్షరములను చూపగలదు గాని ఆటలకు చాలదు.

ఆట కొరకే కూర్చిన యంత్రము

'బ్రేకౌట్' ఆటను తీగెలతో గాక, ప్రోగ్రాముగా వ్రాసి ఆడవలెనని వోజ్నియాక్ కోరిక. 1977లో వెలువడిన 'యాపిల్-2' యంత్రములోని చాల ఏర్పాట్లు ఈ కోరిక నుండి పుట్టినవే. ఇటుకలకు రంగులు కావలెను. కాబట్టి రంగుల తెర. బంతి తగిలినపుడు శబ్దము కావలెను. కాబట్టి చిన్న స్పీకరు. బల్లను జరుపుటకు చేతిలో త్రిప్పు మీట కావలెను. కాబట్టి దానికొక అమరిక. ప్రోగ్రాము వ్రాయుటకు బేసిక్ భాష కావలెను. దానిని యంత్రభాషలోనికి మార్చిపెట్టు సాధనము అతనివద్ద లేదు. అందుచేత కాగితముపై ప్రతి ఆజ్ఞకు అంకెలను తానే వ్రాసి చేతితో కూర్చెను.

ఈ యంత్రములోని పొదుపు చక్కని పాఠము. కంప్యూటరులో తెరకు కావలసిన చిత్రము మెమొరీలో ఉండును. టెలివిజను తెరపై ఎలక్ట్రాను కిరణము నిరంతరము పరుగులిడుచుండును గనుక, చిత్రమును చూపు వలయము మెమొరీని నిరంతరము చదువుచుండవలెను. అదే మెమొరీని ప్రాసెసరు కూడ చదువవలెను. ఇద్దరు ఒకే బావిలో నీరు తోడుకొను స్థితి ఇది. అయితే 6502 చిప్పు తన గడియారపు ప్రతి ఆవృత్తిలో సగము కాలమే మెమొరీని వాడును. ఆ ఆవృత్తి సుమారు ఒక మైక్రోసెకను. మిగిలిన సగమును వోజ్నియాక్ చిత్రవలయమునకు కేటాయించెను. ఒకరికొకరు అడ్డురాకుండ ఇద్దరును తోడుకొందురు.

ఇంతటితో ఆగలేదు. చవకరకపు మెమొరీ చిప్పులలో ప్రతి బిట్టు ఒక సూక్ష్మమైన విద్యుదావేశముగా నిలిచియుండును. అది కారిపోవును గనుక క్షణక్షణము దానిని చదివి మరల నింపుచుండవలెను. ఇందుకు సాధారణముగా వేరొక వలయము కావలెను. తెర కొరకు మెమొరీని ఎట్లును చదువుచునే ఉన్నారు గదా! ఆ చదువుటయే నింపుటగా పనికివచ్చునట్లు చిరునామాల వరుసను అమర్చుటచే, ప్రత్యేక వలయము అవసరమే లేకపోయెను. 'బ్రేకౌట్' విషయమున జరిగిన పొరపాటు ఇచట మరల జరుగలేదు. లోపల ఎనిమిది అదనపు అమరికలుంచి, యంత్రపు పటములను పుస్తకములో ప్రచురించి, ఇతరులు దానిని చదివి పెంపొందించుటకు వీలు కల్పించిరి.

కాని 4 కిలోబైట్ల మెమొరీతో ఆ యంత్రము వెల 1,298 డాలర్లు. రూపకల్పనలో పొదుపు ఉన్నంతమాత్రమున బీదవాని ఇంటికి అది చేరునని చెప్పలేము.

నలభై తొమ్మిది పౌండ్ల యంత్రము

వెలనే మొదట నిర్ణయించుకొని, ఆ వెలలో ఇమిడినదానినే యంత్రమని పిలిచిన వ్యక్తి ఇంగ్లండునకు చెందిన క్లైవ్ సింక్లేర్. 1980లో ఆయన సంస్థ 'జడ్ఎక్స్80'ని విడిభాగములుగా 79.95 పౌండ్లకు, కూర్చినది 99.95 పౌండ్లకు అమ్మెను. తెరగా ఇంటిలోని టెలివిజను, నిలువ చేయుటకు మామూలు క్యాసెట్ రికార్డరు సరిపోవును. మెమొరీ ఒక కిలోబైటు. చిత్రవలయము ఖర్చు తగ్గించుటకై తెరపై చిత్రమును గీయు పనియు ప్రాసెసరుకే అప్పగించిరి. ఫలితముగా, అది లెక్క చేయునపుడు తెర ఖాళీ అగును! ఆటలకు ఇది పెద్ద లోపము. 1981 మార్చిలో వచ్చిన 'జడ్ఎక్స్81'లో ఈ లోపము తొలగినది. వలయములోని చిల్లర చిప్పుల పనినంతయు ఒకే ప్రత్యేక చిప్పులో చేర్చుటచే ప్రధానమైన చిప్పులు నాలుగింటికి తగ్గినవి. విడిభాగముల వెల 49.95 పౌండ్లకు దిగెను. ఆ యంత్రములు 15 లక్షలకు పైగా అమ్ముడైనవి.

ఒక కిలోబైటనగా ఈ పుటలో సగము కూడ పట్టని చోటు. అయినను ఆ ఇరుకులో డేవిడ్ హార్న్ 672 బైట్లలో చదరంగమాడు ప్రోగ్రామును వ్రాసెను. కోట కట్టుట వంటి కొన్ని నియమములను వదలుకొనవలసి వచ్చినది గాని యంత్రము ఎత్తుకు ఎత్తు వేయగలిగెను.

రంగుల లెక్క

1982 ఏప్రిల్‌లో వచ్చిన 'జడ్ఎక్స్ స్పెక్ట్రమ్' రంగుల యంత్రము. 16 కిలోబైట్ల దాని వెల 125 పౌండ్లు. ఇందులోని ఉపాయమును విద్యార్థులు స్వయముగా లెక్కించి చూడవచ్చును. తెరపై అడ్డముగా 256, నిలువుగా 192 చుక్కలు, మొత్తము 49,152. చుక్క వెలిగినదా లేదా యని తెలుపుటకు ఒక బిట్టు చాలును. ఎనిమిదేసి బిట్లు ఒక బైటు గనుక 6,144 బైట్లు కావలెను. ప్రతి చుక్కకు ఎనిమిది రంగులలో ఒకదానిని ఇయ్యవలెనన్న మూడు బిట్లు కావలెను. అప్పుడు 18,432 బైట్లు. యంత్రములోని మెమొరీ అంతయు 16,384 బైట్లే!

కాబట్టి రూపకర్తలు తెరను ఎనిమిదేసి చుక్కల వెడల్పు, ఎత్తుగల 768 గడులుగా విభజించి, ఒక్కొక్క గడికి ఒక బైటు కేటాయించిరి. గీతరంగునకు మూడు బిట్లు, నేపథ్యమునకు మూడు, ప్రకాశమునకు ఒకటి, మినుకుటకు ఒకటి, ఎనిమిదికి ఎనిమిది. మొత్తము 6,912 బైట్లలో రంగుల చిత్రము సిద్ధము. దీని మూల్యము మరియొకచోట చెల్లింపవలసి వచ్చెను. ఒక గడిలో రెండు రంగులకు మించి ఉండరాదు. ఎఱ్ఱని వీరుడు పచ్చని చెట్టు ముందు నడచినచో, ఒకరి రంగు మరియొకరికి అంటుకొనును. ఆ తరమువారు ఆడిన ఆటలలో ఈ మచ్చ స్పష్టముగా కానవచ్చును.

బడిలోని యంత్రము

ఆ కాలమునే ఇంగ్లండులో పాఠశాలల కొరకు 'బీబీసీ మైక్రో' అను యంత్రము 1981లో వెలువడెను. 1984లో మన ప్రభుత్వము 'క్లాస్' అను పేర పాఠశాలలలో కంప్యూటరు పరిచయమును ప్రయోగాత్మకముగా ప్రారంభించినపుడు ఎన్నుకొనినది ఈ యంత్రమునే. దీని హృదయము కూడ ఆ 6502 చిప్పే. మెమొరీ 32 కిలోబైట్లు. అదే 1984లో కేంబ్రిడ్జి విద్యార్థులు డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ ఈ యంత్రముపై 'ఎలీట్' అను ఆటను వెలువరించిరి. అందు ఎనిమిది గెలాక్సీలు, ఒక్కొక్క దానిలో 256 గ్రహములు. ఇన్నింటి పేర్లు, స్థానములు, ధరవరలు నిలువచేయుటకు చోటు లేదు. అందుచేత వారు మూడు సంఖ్యలను మాత్రము దాచిపెట్టిరి. ఆ మూడింటిని కూడిన నాల్గవది వచ్చును. చివరి మూడింటిని కూడిన అయిదవది. ఇట్లు పుట్టు శ్రేణి నుండి ప్రతి గ్రహపు వివరములను అప్పటికప్పుడు రాబట్టిరి. నిలువచేయలేనిదానిని లెక్కించి పుట్టించుట అను ఈ ఉపాయము నేటి ఆటలలోను వాడుకలో ఉన్నది.

కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్, ఆయన మిత్రులు విద్యార్థుల కొరకు రూపొందించిన 'రాస్ప్‌బెరీ పై' అను చిన్న కంప్యూటరు 2012లో 35 డాలర్లకు వెలువడెను. దాని తక్కువరకము వెల 25 డాలర్లు. 1975లో ఒక్క 6502 చిప్పునకు ఇచ్చిన మొత్తమే అది. ఈ నడుమ డాలరు విలువ ఎంతో పడిపోయినదని మరువరాదు. బీబీసీ మైక్రో వలెనే దాని రకములకును 'ఏ', 'బీ' అని పేర్లు పెట్టిరి.

ఇప్పటి విద్యార్థి చేతిలోని యంత్రమునకు మెమొరీ కొరత లేదు. కాని తరగతిలో నల్లబల్లపై 49,152 అను సంఖ్యను వ్రాసి, "16,384 బైట్లలో దీనికి రంగు వేయుటెట్లు?" అని ఉపాధ్యాయుడు అడిగినచో, సమాధానము వెదకుటకు ఏ యంత్రమును అక్కరలేదు. కాగితము, పెన్సిలు చాలును. వోజ్నియాక్ మొదలుపెట్టినదియు వాటితోనే.