పరీక్ష

‘పరి’ ఉపసర్గకు ‘ఈక్ష’ చేరి పరీక్ష అయింది. నలువైపులా చూడటమని అర్థం. ఏటేటా బడిలో పరీక్షలు పెట్టిన నాకు ఈ వ్యుత్పత్తి బరువు 1995 ప్రాంతంలో గాని తెలియలేదు. బోధన్ దగ్గరి పల్లెకు చెందిన నా పూర్వవిద్యార్థి ఒకడు గల్ఫ్ వీసా కోసం బొంబాయిలో వైద్యపరీక్ష చేయించుకొని, ఒక కాగితం తెచ్చి చదవమన్నాడు. ‘అన్‌ఫిట్’ అన్న ముద్ర తప్ప కారణం లేదు. “నాకేమైందని రాసిండ్రు సార్?” అన్నాడు. నేను చెప్పలేకపోయాను. ఊరు మాత్రం చెప్పేసింది, ఎయిడ్స్ అని.

మన దేశంలో హెచ్.ఐ.వి. తొలిసారి బయటపడినది 1986లో. మద్రాసులో డాక్టర్ సునీతి సోలోమన్, ఆమె శిష్యురాలు సెల్లప్పన్ నిర్మల పూనికతో సేకరించిన రక్తనమూనాలను వేలూరులో పరీక్షించారు. 1992లో జాతీయ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. నేను చూసినంతలో మా పల్లెలు ఈ పరీక్షను ఆసుపత్రిలో కంటె ముందు వీసా వాకిట్లోనే ఎరిగాయి. నిజాంసాగర్ నీళ్ళు, చెరకు, శక్కర్‌నగర్ కార్ఖానా (అదీ 2015లో మూతబడింది) ఉన్న సీమ నుంచి కూడా మనుషులు ఎడారికి ఎందుకు పోయారన్నది వేరే కథ.

వలసపోయిన మగవాళ్ళను వదలి నింద జోగినుల మీద పడేది. వారిని దేవతకు ముడివేసి ఊరుమ్మడి చేసినది ఆ ఊరే! జాషువా గారి కుమార్తె హేమలతా లవణం గారు, భర్త లవణం గారితో కలిసి 1980లలోనే మా జిల్లా జోగినుల నడుమ పనిచేశారు. 1988లో నిషేధచట్టం వచ్చింది. మనిషిగా పలకరించిన వాళ్ళకే జోగిని తలుపు తెరిచింది. తరువాత రక్తపరీక్షల మాట ఎత్తినవాళ్ళకూ ఆ పలకరింపే దారి అయిందని నా తలపు.

‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న గోడరాతలు మీకు గుర్తుండే ఉంటాయి. అందరం నవ్వుకున్నాం, పరీక్షకు మాత్రం పోలేదు. ఎందుకు పోవాలి? తెలుసుకున్నా పేదవానికి మందు లేదు. 2004 ఏప్రిల్ 1న మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాలలో ప్రభుత్వం ఉచితంగా ఏ.ఆర్.టి. మందులు ఇవ్వటం మొదలుపెట్టాక గాని పరీక్షకు అర్థం రాలేదు. ఆ తరువాత సర్కారు దవాఖానాలలో ఐ.సి.టి.సి.లు వెలిశాయి. పరీక్షకు ముందొకసారి, తరువాత ఒకసారి కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడటం, సమ్మతి అడగటం, మూడు వేర్వేరు పరీక్షలు ఏకీభవిస్తే తప్ప ‘ఉంది’ అనకపోవటం వాటి పద్ధతి. కాలక్రమాన వేలికొన నుంచి చుక్క రక్తంతో ప్రాథమిక పరీక్ష బస్తీలకూ చేరింది. 2017 నుంచి నిర్ధారణ కాగానే మందులు ఇస్తున్నారు. సమ్మతి లేనిదే పరీక్ష కూడదన్న చట్టం 2018 సెప్టెంబరులో అమలైంది.

నా విద్యార్థిని 2007లో నేనే నిజామాబాదుకు వెంటబెట్టుకుపోయాను. అప్పటికి పన్నెండేళ్ళుగా పెళ్ళి చేసుకోలేదు. ఒకవేళ ఉన్నా మందు ఉందని నచ్చజెప్పితే వచ్చాడు. హెచ్.ఐ.వి. లేదు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద ఎప్పుడో మానిన క్షయ మచ్చ కనబడింది. గల్ఫ్ వాళ్ళకు ఆ మచ్చ చాలు.

బస్సులో చాలాసేపు మాట్లాడలేదు. ఎడపల్లి దాటాక కాగితం నా చేతికిచ్చి అడిగాడు: “సార్, గిది ఊరికెవరు సదివి చెప్తరు?”