కి. రాజనారాయణన్ మెచ్చిన కథకులు, పుస్తకాలు, పాత్రలు

తమిళ నవలా సాహిత్యంలో కి.రా. అనే రెండక్షరాలతో ప్రసిద్ధుడైన కి. రాజనారాయణన్ మాతృభాష తెలుగు. ఆయన రాసినదంతా తమిళంలోనే. అయినా విజయనగర కాలం మొదలుకొని దక్షిణాదికి తరలివెళ్ళి స్థిరపడిన తెలుగువారి గాథను నవలగా మలచిన వారిలో ఆయనది అగ్రస్థానం. ఒక రచయిత ఎవరిని చదివి, ఎవరిని విని, ఎవరిని ప్రేమించి రచయిత అయ్యాడన్నది ఎప్పుడూ ఆసక్తికరమైన విషయమే. కి.రా. విషయంలో అది మన ఇళ్ళకు సంబంధించిన విషయం కూడా. తమిళనాడులోనే గాక కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్ర, యానాం ప్రాంతాలలో తరతరాలుగా నివసిస్తున్న తెలుగు కుటుంబాలు తెలుసుకోదగిన వివరాలను ఇక్కడ క్రోడీకరిస్తున్నాము.

ఊరు, చదువు

కి.రా. 1923 సెప్టెంబరు 16న కోవిల్‌పట్టి సమీపంలోని ఇడైసెవల్ గ్రామంలో తెలుగు మాట్లాడే కమ్మవారి కుటుంబంలో జన్మించారు. నాడు తిరునల్వేలి జిల్లాలో ఉన్న ఆ ప్రాంతం 1986లో తూత్తుక్కుడి జిల్లాలో చేరింది. అది నల్లరేగడి నేల. తమిళంలో 'కరిసల్' అంటారు. వాన పడితే పత్తి, సజ్జ, జొన్న, పడకపోతే కరవు. అక్కడి తెలుగు కుటుంబాలలో ఇంట మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది తమిళం. మాట ఉన్నది గాని లిపి లేదు. ఆ స్థితి ఇడైసెవల్‌కు మాత్రమే పరిమితమైనది కాదని మన పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు.

కి.రా. ఉన్నత పాఠశాల చదువైనా పూర్తి చేయలేదు. తాను వానకు తడవకుండా బడి పంచన నిలబడ్డానని, అప్పుడూ బడిని చూడక వాననే చూస్తూ ఉండిపోయానని ఆయన తన చదువు గురించి చమత్కరించేవారు. యౌవనంలో క్షయవ్యాధి బాధించింది. వ్యవసాయం చేశారు. కమ్యూనిస్టు పార్టీలో చేరి, రైతుల పోరాటాలలో పాల్గొని జైలుకు వెళ్ళారు. తొలి కథ 'మాయమాన్' అచ్చయ్యేటప్పటికి వయస్సు ముప్పై అయిదు ప్రాంతం. అంటే ఆయన రాసిన కాలం కన్నా ముందు, విన్న కాలం చాలా పెద్దది.

ప్రాణమిత్రుడైన కథకుడు

కి.రా. అభిమానించిన రచయితలలో మొదట చెప్పవలసిన పేరు కు. అళగిరిసామి. ఆయనదీ ఇడైసెవలే, 1923లోనే పుట్టారు, ఇంటి భాష తెలుగే. ఒకరిది రైతు కుటుంబం, మరొకరిది విశ్వకర్మ కుటుంబం. బాల్యం నుండి ఇద్దరిదీ ఒకటే చదువు, ఒకటే సంగీతం. అళగిరిసామి ఉద్యోగరీత్యా మద్రాసుకు, అటుపై మలయాకు వెళ్ళి పత్రికలలో పనిచేశారు. కి.రా. ఊరిలోనే ఉండిపోయారు. ఇద్దరినీ కలిపి ఉంచినవి ఉత్తరాలు. మిత్రుడు తనకు రాసిన ఉత్తరాలను కి.రా. భద్రపరచి తరువాత పుస్తకంగా వెలువరించారు.

అళగిరిసామి కథలలో 'అన్బళిప్పు' మిక్కిలి ప్రసిద్ధం. ప్రేమతో ఇచ్చిన కానుక అని దాని అర్థం. ఇరుగుపొరుగు పిల్లలకు కానుకలు ఇచ్చే ఒక పెద్దమనిషి సారంగన్ అనే బాలుణ్ణి మరచిపోతాడు. ఆ పిల్లవాడు అలగడు, అడగడు. ఆయనను తన ఇంటికి రమ్మని ఆహ్వానించి, తానే సంపాదించుకున్న డైరీని ముందుంచి, ప్రేమతో ఇచ్చిన కానుక అని తన పేర రాసిపెట్టమంటాడు. పేదరికాన్ని, పిల్లల మనస్సును ఒక్క కంటతడి మాట లేకుండా చెప్పిన కథ అది. అళగిరిసామి 1970లో మరణించారు. అదే ఏడు 'అన్బళిప్పు' సంపుటికి సాహిత్య అకాదమీ పురస్కారం లభించింది. 1991లో కి.రా.కు అదే పురస్కారం వచ్చింది. ఒక చిన్న పల్లెకు, ఒకే ఏడు పుట్టిన ఇద్దరు స్నేహితుల ద్వారా, ఇద్దరూ తెలుగింటి బిడ్డలే కాగా, రెండు తమిళ పురస్కారాలు దక్కడం అరుదైన విషయం.

అళగిరిసామి మాక్సిం గోర్కీ రచనలు కొన్నింటిని తమిళంలోకి అనువదించారు. గోర్కీ 'అమ్మ' నవలను తిరునల్వేలికి చెందిన రఘునాథన్ తమిళం చేశారు. వామపక్ష ఉద్యమంలో తిరిగిన నాటి యువకులకు రష్యను రచయితలు ఈ దారినే పరిచయమయ్యారు.

గురుస్థానంలో రసికమణి

కి.రా. గురువుగా భావించిన వ్యక్తి టి.కె. చిదంబరనాథ ముదలియార్. 1882 నుండి 1954 వరకు జీవించిన ఈయనను తమిళులు రసికమణి టి.కె.సి. అని పిలుస్తారు. న్యాయవాద విద్య చదివినా ఆయన జీవితమంతా కవిత్వాన్ని ఆస్వాదించడంలో, ఇతరుల చేత ఆస్వాదింపజేయడంలో గడిచింది. రాజాజీ, కల్కి వంటి వారు ఆయనకు ఆప్తులు. కుర్తాళంలోని ఆయన ఇల్లు సాహిత్యప్రియులకు సత్రం వంటిది. ఇడైసెవల్ మిత్రులిద్దరూ అక్కడికి వెళ్ళి ఆయన మాటలు విన్నారు.

టి.కె.సి. అభిమాన కవి కంబన్. కంబ రామాయణంలో పరుల చేతి పద్యాలు అనేకం చేరాయని భావించి, కవిత్వం పలికే పద్యాలనే ఏరి మూడు సంపుటాలుగా ప్రకటించారు. పండితులు ఆక్షేపించారు. ఆ వాదం ఎలా ఉన్నా, కి.రా.కు ఆయన వద్ద దొరికినది వేరొకటి. టి.కె.సి. ఉత్తరాలు ఎదుట కూర్చుని మాట్లాడినట్లు ఉంటాయి. రచన మాటకు దగ్గరగా ఉండాలన్న నమ్మకం కి.రా.లో స్థిరపడటానికి ఆ వచనం ఒక కారణం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ గిడుగు రామమూర్తి తెలుగు కోసం వాదించినది గుర్తున్నవారికి ఈ నమ్మకం కొత్త కాదు.

సంగీతమూ గ్రంథమే

మొదట కి.రా. మనస్సు సంగీతం మీద ఉండేది. ఆయన విళాత్తికుళం స్వాములవారి సన్నిధిలో రాగాలు విన్నారు. నాదస్వర విద్వాంసుడు కారుకురిచ్చి అరుణాచలంతో స్నేహం చేశారు. 19వ శతాబ్దపు కవి అణ్ణామలై రెడ్డియార్ కావడిచిందు పాటలను అళగిరిసామి పరిష్కరించి ప్రచురించారు.

ఈ ప్రాంతపు సంగీతంలో తెలుగు పాలు ఎంతో ఉంది. ఇడైసెవల్‌కు చేరువలోని ఎట్టయపురం తెలుగు మూలాలు గల పాలెగాళ్ళ సంస్థానం. సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఊరూ అదే, ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసినదీ అక్కడే. సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' ఆ సంస్థానపు ఆదరణతో 1904లో వెలువడింది. కర్ణాటక సంగీతానికి ప్రమాణమైన ఆ మహాగ్రంథం తెలుగులో రచితమైంది, అచ్చయినది తమిళ దేశంలో.

అచ్చుకాని పుస్తకాలు

కి.రా. అన్నిటికన్నా ప్రేమించిన సాహిత్యం పుస్తకాలలో లేదు. అది అరుగుల మీద, కళ్ళాలలో, గొర్రెల మందల వద్ద ఉంది. ముసలమ్మలు, కాపరులు, కూలీలు చెప్పిన కథలను ఆయన దశాబ్దాల పాటు సేకరించారు. పెద్దలు పెద్దల మధ్యనే చెప్పుకొనే శృంగార కథలనూ సంకోచం లేకుండా చేర్చారు. 2007లో ఆ సేకరణ ఒక బృహత్ సంపుటంగా వచ్చింది. కొన్ని కథలు 2009లో ఆంగ్లానువాదంగానూ వెలువడ్డాయి.

1982లో ఆయన ప్రకటించిన కరిసల్ మాండలిక నిఘంటువు మరొక విశేషం. వ్యవసాయం, పశువులు, వంట, వాన, చుట్టరికం, తిట్లు, అన్నీ అందులో చేరాయి. ఒక వృత్తి పోతే దానితో పాటు వందల మాటలు పోతాయని గ్రహించిన రైతు చేసిన పని అది. బడి చదువు లేని ఆ రైతును పుదుచ్చేరి విశ్వవిద్యాలయం 1989లో జానపద సాహిత్య సేకరణకై ఆచార్య పదవికి ఆహ్వానించింది. ఆయన శేషజీవితం పుదుచ్చేరిలోనే గడిచింది.

మరపురాని పాత్రలు

మంగత్తాయారు: 1976లో వెలువడిన 'గోపల్ల గ్రామం' నవలకు ఈమె ప్రాణం. నూరేళ్ళు దాటిన అవ్వ. ఊరిలోని ఒక పెద్ద కుటుంబంలో అందరికన్నా పెద్దది. తెలుగు దేశం నుండి తమ వాళ్ళు ఎందుకు బయలుదేరారో, ఏయే అడవులు దాటారో, ఎవరిని పోగొట్టుకున్నారో, ముళ్ళకంపల నేలను ఎలా కాల్చి సాగుకు తెచ్చారో ఆమె చెబుతుంటే మనుమలు, మునిమనుమలు వింటారు. ఆమెకు చదువు రాదు. ఊరి చరిత్ర అంతా ఆమె జ్ఞాపకంలోనే ఉంది. ఆమెతో అది పోతుందన్న భయం నవల అంతటా పైకి చెప్పకుండానే వినిపిస్తుంది.

చెన్నాదేవి: అవ్వ చెప్పే కథలోని సౌందర్యవతి. పాలకుడు ఆమెను కోరడంతో పరువు కోసం కుటుంబం రాత్రికి రాత్రి ఊరు విడుస్తుంది. వలస అంతటికీ ఈ అమ్మాయే మూలం.

పేరులేని బాటసారి స్త్రీ: నవల ఆరంభంలో దాహం తీర్చుకొనేందుకు చెరువులోకి దిగిన నిండు చూలాలు ఈమె. నగల కోసం దొంగ ఆమెను నీటిలో ముంచి చంపుతాడు. ప్రాణం పోతూ ఆమె అతని కాలివేలిని కరచిపట్టుకోగా, వాడు పారిపోలేక పట్టుబడతాడు. పోలీసు, కోర్టు లేని కాలంలో ఊరు తానే న్యాయం ఎలా తీర్చుకున్నదో ఈ ఉదంతం ద్వారా రచయిత చూపారు. విక్టోరియా రాణి పాలన వచ్చిందన్న కబురుతో నవల ముగుస్తుంది. అంటే ఊరి న్యాయానికి కాలం చెల్లింది.

లక్ష్మి, శ్రీనివాసన్: 'కదవు' అనే కథలోని అక్కాతమ్ముళ్ళు. కదవు అంటే తలుపు. పాత తలుపెక్కి అటూ ఇటూ ఊగుతూ బస్సాట ఆడటం వాళ్ళ ఆనందం. పన్ను బకాయి కింద తలుపును ఊడదీసుకొనిపోతారు. తలుపు లేని ఇంట చలిగాలికి పసివాడు మరణిస్తాడు. ఒకనాడు చావడి వెనుక పడి ఉన్న తమ తలుపును చూసి పిల్లలు దానిని కౌగిలించుకుంటారు. కరవు గురించి ఇంత కొద్ది మాటలలో ఇంత చెప్పిన కథ మరొకటి దొరకడం కష్టం.

చెవని: 'కిడై' అనే చిన్న నవలలోని యువతి. కిడై అంటే గొర్రెల మంద. ఎల్లప్పన్‌తో ఆమె ప్రేమ కులం అడ్డు వచ్చి విఫలమవుతుంది. తన వారిని కీర్తించడమే గాక, వారు చేసిన అన్యాయాన్నీ కి.రా. దాచలేదనడానికి ఈ రచన నిదర్శనం. ఇది 2003లో 'ఒరుత్తి' పేర చలనచిత్రమైంది.

చరిత్రా, కథా?

మంగత్తాయారు చెప్పిన కథ అంతా చరిత్ర అని పాఠకులు భావించరాదు. తెలుగువారు పెద్ద సంఖ్యలో దక్షిణానికి వెళ్ళడానికి విజయనగర సైన్యాల విస్తరణ, 16వ శతాబ్దంలో మధుర నాయక రాజ్య స్థాపన, పాలెముల ఏర్పాటు, నల్లరేగడి సాగు తెలిసిన రైతులకు దొరికిన ఖాళీ భూములు ప్రధాన కారణాలుగా చరిత్రకారులు చెబుతారు. కన్య కోసం వలస అన్నది అనేక కులాలలో వినిపించే గాథ. 1909లో థర్‌స్టన్ ప్రకటించిన దక్షిణ భారత కులాల గ్రంథంలో తొట్టియ నాయకుల గాథ ఉంది. వెనుక శత్రువులు, ముందు నది. అప్పుడు రెండు గట్ల మీది కానుగ చెట్లు వంగి వంతెన అయ్యాయని అందులో ఉంది. నవలలోనూ చెట్టు వంగి నది దాటించే ఘట్టం ఉంది. కి.రా. దానిని కల్పించలేదు, విన్నారు. జరిగినదేమిటో చెప్పేది చరిత్ర. జరిగినదాన్ని ఒక జనం ఎలా గుర్తుంచుకున్నదో చెప్పేది ఈ నవల. రెండూ కావలసినవే.

తరువాతి పుస్తకాలు, తరువాతి తరం

సాహిత్య అకాదమీ పురస్కారం పొందిన 'గోపల్లపురత్తు మక్కళ్' ఇదే ఊరి కథను స్వాతంత్ర్యోద్యమ కాలం వరకు నడుపుతుంది. 'అందమాన్ నాయక్కర్' మూడవది. కరిసల్ రచయితల కథలను ఏరి ఒక సంకలనం కూడా కి.రా. తెచ్చారు. ఆ నేల నుండి వచ్చిన పూమణికి 2014లో, చో. ధర్మన్‌కు 2019లో అకాదమీ పురస్కారాలు లభించాయి.

కి.రా. 2021 మే 17న పుదుచ్చేరిలో మరణించారు. తమిళనాడు ప్రభుత్వ లాంఛనాలతో స్వగ్రామంలో అంత్యక్రియలు జరిగాయి.

తమిళం చదవగలిగిన తెలుగు కుటుంబాలు మొదట 'కదవు', ఆపై 'గోపల్ల గ్రామం' చదవడం మంచిది. చదవలేనివారు చదవగలిగిన పిల్లల చేత చదివించుకొని వినవచ్చు. 2006 నాటి చట్టంతో తమిళనాడు బడులలో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైన తరువాత, అనేక ఇళ్ళలో పెద్దలకు తెలుగు మాట, పిల్లలకు తమిళ అక్షరం మిగిలాయి. మంగత్తాయారు వంటి అవ్వ ఇంట ఉండి, ఆమె చెప్పే మాట మనుమలకు అర్థమవుతున్నంత కాలం, ఏ లిపిలోనైనా సరే, రాసిపెట్టుకోవడానికి వీలుంది. కి.రా. చేసినది అంతే.